పురుగులకు వెచ్చదనం సరే, మన ఊపిరి మాటేమిటి?

ఈ వారం పాఠం పురుగుల గురించి కాదు, పురుగుల ఇంట్లో మనం పీల్చే గాలి గురించి. మేము డాక్టర్లం కాము, చదివింది పదో తరగతే. అయితే ఇది మా ఇంటి మీదికి వచ్చి పోయిన సంగతి. అందుకనే కొంచెం పొడుగ్గా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

మార్గశిరం వచ్చిందంటే మన హోసూరు, తళి, దేన్కనికోట, కెలమంగలం వైపు చలి ఎట్లుంటుందో మీకు చెప్పనక్కర్లేదు. చాకీ పురుగుకేమో 27, 28 డిగ్రీలు కావాలి. పెద్ద పురుగుకైనా 24, 25 ఉండాల్సిందే. అందుకని మనం ఏం చేస్తాం? కిటికీలకు గోనెపట్టాలు కట్టేస్తాం, తలుపు సందుల్లో పాత చీరలు కుక్కుతాం, లోపల బొగ్గుల కుంపటి పెడతాం. రాత్రి ఆకు వేయాలి గనక అక్కడే ఒక మూల చాప వేసుకుని పడుకుంటాం. మా నాయన కాలం నుంచీ ఇదే పద్ధతి.

నాలుగేళ్ళ కింద పుష్యమాసంలో 150 గుడ్లకు ఇంట్లోనే చాకీ చేశాం. రెండో జ్వరానికి పురుగులు పడుకునే సమయం. ఆ పొద్దు చలి గాలి మరీ ఎక్కువగా ఉండింది, ఒకటి చాలదని రెండు కుంపట్లు పెట్టాం. తెల్లారేసరికి ముగ్గురికి తలనొప్పి, పిల్లవాడికి రెండు వాంతులు. రాత్రి తిన్న సంగటిలోకి చేసిన కూర మీద అనుమానం వచ్చింది. దగ్గర్లో ఒక క్లినిక్కుకు పోతే అక్కడా కడుపు జబ్బే అన్నారు, మాత్రలు ఇచ్చారు. పగలంతా తోటలో తిరిగాం, తలనొప్పి తగ్గిపోయింది. మాత్రలు పనిచేశాయి అనుకున్నాం. రెండో రాత్రి మళ్ళీ అదే. కరోనా నాడు కొన్న వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ ఇంట్లో ఉండింది. పెట్టి చూస్తే 98 చూపించింది. ఏమీ లేదులే అని వదిలేశాం.

మూడో రాత్రి పిల్లవాడు ఒంటికి పోవడానికి లేచి గడప దగ్గరే కూలబడిపోయాడు. వాళ్ళమ్మ లేపబోతే ఆమెకూ కాళ్ళు ఆడలేదు. ఎట్లాగో ఈడ్చుకుంటూ బయటికి తెచ్చి అరిస్తే, వసారాలో పడుకున్న మేము లేచాం. 108కి ఫోన్ చేశాం. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ కడుపు సంగతి అడగనే లేదు. "ఇంట్లో ఇంకెంతమందికి తలనొప్పి ఉంది? రాత్రి ఎక్కడ పడుకున్నారు? లోపల నిప్పు ఉండిందా?" అని మూడే మాటలు అడిగింది. వెంటనే ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టించింది. దేవుడి దయవల్ల ఇద్దరూ బాగున్నారు.

ఆ డాక్టరమ్మ చెప్పిందీ, తర్వాత మేము నలుగురిని అడిగి తెలుసుకున్నదీ ఇప్పుడు రాస్తున్నాం.

బొగ్గు గాని, కట్టె గాని చాలినంత గాలి లేకుండా కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాస్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. పొగ వస్తే మనకు తెలుస్తుంది, దగ్గుతాం, లేచి పోతాం. దీనికి అట్లా కాదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హీమోగ్లోబిన్. ఈ గ్యాస్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. అంటే బస్సులో సీట్లన్నీ ఎవరో కూర్చుని ఆక్రమించినట్లు, ఆక్సిజన్‌కు చోటు దొరకదు. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, గుండెకూ మెదడుకూ మాత్రం అందదు. ఈ సంగతిని ఫ్రాన్సు దేశంలో క్లాడ్ బెర్నార్ అనే శాస్త్రవేత్త 1857లోనే చెప్పినాడంట. అదే దేశపు పాశ్చర్ 1865లో పట్టుపురుగుల పెబ్రిన్ రోగం మీద పనికి దిగాడు. పాశ్చర్ పేరు హోసూరు ట్రైనింగ్‌లో మనకందరికీ చెప్తారు, తల్లి చిలకను నూరి మైక్రోస్కోపులో చూడడం ఆయన నేర్పిందే. రెండో ఆయన పేరు మాత్రం మేము ఎప్పుడూ వినలేదు.

మనలో చాలామంది ఒక మాట అంటారు. "మేము బొగ్గుల్ని బయటే బాగా రాజేసి, పొగంతా పోయినాకనే లోపలికి తెస్తాం. మాకేం కాదు" అని. మేము కూడా అట్లే అన్నవాళ్ళం. పొగ పోతుంది, గ్యాస్ పోదు. ఎర్రగా కణకణలాడే బొగ్గు నుంచి కూడా అది వస్తూనే ఉంటుంది. ఇంకొకటి, రాత్రంతా ఉండాలని పైన బూడిద కప్పుతాం గదా, నివురు గప్పిన నిప్పు అంటే అదే. గాలి తగలకుండా నిదానంగా కాలే ఆ నిప్పే మరీ చెడ్డది. గదిలో కుండతో నీళ్ళు పెడితే గ్యాస్‌ను నీళ్ళు పీల్చుకుంటాయి అనేది కూడా ఉత్తమాటే. నీళ్ళు పురుగుకు కావలసిన తేమ ఇస్తాయి, ఈ గ్యాస్‌ను పట్టుకోలేవు.

వేలికి పెట్టే మిషన్ సంగతి అందరూ గుర్తు పెట్టుకోవాలి. అది రక్తం రంగును చూసి లెక్క చెప్తుంది. ఈ గ్యాస్ పట్టిన రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది గనక దానికి తేడా తెలియదు. మనిషి పడిపోతున్నా 97, 98 అని చూపిస్తుంది. ఆ నంబరు నమ్మి మేము ఒక రోజు పోగొట్టుకున్నాం.

మరి ఎట్లా కనిపెట్టేది? ఒకే గదిలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతి, తల తిరగడం, మత్తుగా ఉండడం వస్తే మొదట కుంపటినే అనుమానించండి. జ్వరం ఉండదు. బయట తిరిగితే తగ్గుతుంది, లోపలికి పోతే మళ్ళీ వస్తుంది. పిల్లలకూ ముసలివాళ్ళకూ గుండెజబ్బు ఉన్నవాళ్ళకూ ముందుగా తగులుతుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళను కుంపటి ఉన్న షెడ్‌లో అసలు పడుకోనివ్వకండి. తల్లి తేరుకున్నా కడుపులో బిడ్డకు దెబ్బ తగలవచ్చు.

ఎవరైనా పడిపోయి ఉంటే లోపల నిలబడి నీళ్ళు చల్లుతూ, చెంపలు తడుతూ ఉండకండి. తలుపులు బార్లా తీసి, మనిషిని బయటి గాలికి లాగండి, 108కి ఫోన్ చేయండి. లాగేవాళ్ళు కూడా లోపల ఎక్కువసేపు ఉండకూడదు. నిమ్మరసం, మజ్జిగ తాగిస్తే ఇది దిగదు. దీనికి మందు ఆక్సిజన్ ఒక్కటే, అది ఆసుపత్రిలోనే ఉంది. తేరుకుని లేచి కూర్చున్నా పోయి చూపించాల్సిందే, ఎందుకంటే కొంతమందికి కొన్ని వారాల తర్వాత మతిమరుపు, నడక తడబడడం లాంటివి వస్తాయంట. హోసూరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. కృష్ణగిరిలో 2022 జనవరి నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా ఉంది. పోయినప్పుడు "లోపల బొగ్గుల కుంపటి ఉండింది" అనే మాటను మీరే ముందుగా చెప్పండి. చెప్పకపోతే మా మాదిరి కడుపు మాత్రలతో తిరిగి వస్తారు.

కుంపటి వద్దంటే పురుగు గతి ఏంది అంటారు. న్యాయమే. మా పంట కూడా దాని మీదే గదా. మేము చేసిన మార్పులు చెప్తాం.

మొదటిది, చలికాలం మూడు నెలలూ చాకీ ఇంట్లో చేయడం మానేశాం. రెండో జ్వరం దాటిన పురుగుల్నే చాకీ సెంటరు నుంచి తెచ్చుకుంటున్నాం. ఎక్కువ వేడి కావలసింది మొదటి రెండు దశల్లోనే గనక సగం బాధ అక్కడే తీరిపోయింది. డబ్బు కొంచెం ఎక్కువవుతుంది, నిజమే. అయితే ఇంట్లో చాకీ చేసి పోగొట్టుకున్న పురుగుల్ని లెక్కేస్తే పెద్ద తేడా లేదని మాకు తోచింది.

రెండోది, కరెంటు హీటరు. దానికి కూడా జాగ్రత్త కావాలి. మన షెడ్లలో నేల ఎప్పుడూ తడి, చేతులు తడి. అతుకుల వైరు, మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుతో పెట్టుకుంటే గ్యాస్ తప్పి షాకులో పడతాం. ఎర్తు సరిగ్గా వేయించి, కరెంటు లీకైతే తనంతట ఆగిపోయే స్విచ్ పెట్టించండి. హీటరు పక్కన గోనెపట్టాలు, ఎండుకొమ్మలు ఉండకూడదు. షెడ్ మొత్తాన్ని వేడి చేయాలని చూడకుండా పురుగులున్న వరకే ప్లాస్టిక్ పట్టాతో అడ్డం కడితే చిన్న హీటరే చాలుతుంది.

కరెంటు పోయి కుంపటి తప్పదంటే, ఎదురెదురుగా రెండు వెంటిలేటర్లు ఎప్పుడూ జానెడంత తెరిచి ఉండాలి. మనుషులెవరూ లోపల పడుకోకూడదు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాం. ఫోన్‌లో అలారం పెట్టుకుని లేచి, ముందు తలుపు తీసి కాసేపు ఆగి, ఆకు వేసి బయటికి వచ్చేయండి. గాలి ఆడకపోతే పురుగుకు కూడా మంచిది కాదని ట్రైనింగ్‌లో చెప్పిందే. మా ఆ పంటలో పురుగులు జ్వరం నుంచి ఒక్కసారిగా లేవలేదు, కొన్ని లేచి కొన్ని పడుకుని బెడ్ అంతా ఎగుడుదిగుడు అయిపోయింది. అప్పుడు చలి అనుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ గాలి వాటికీ పడలేదేమో అనిపిస్తుంది.

చెడ్డ గాలి అంటే కుంపటి ఒక్కటే కాదు, పంటకు పంటకు మధ్య కొట్టే ఫార్మలిన్ కూడా ఉంది. పాలరోగం, సున్నకట్టు రోగం రాకూడదని కొడతాం, కొట్టాల్సిందే. అయితే "వాసన ఎంత ఘాటుగా ఉంటే అంత పని చేస్తుంది" అనుకుని చిక్కగా కలిపేవాళ్ళు మనలో ఉన్నారు. కావలసింది 2 శాతం మాత్రమే. క్యాను మీద 36 శాతం అని ఉంటే 1 లీటరుకు 17 లీటర్ల నీళ్ళు. 40 అని ఉంటే 19 లీటర్లు. ఇంతకంటే చిక్కగా కలిపితే డబ్బు దండగ, ఊపిరితిత్తులకు చేటు. ఇంకో మాట, ఫార్మలిన్ 25 డిగ్రీలకు తక్కువ చలిలో సరిగ్గా పనిచేయదు, గాలి చొరబడకుండా మూసిన గదిలోనే పనిచేస్తుంది. పుష్యమాసంలో పొద్దున్నే, నాలుగు పక్కలా వల కట్టిన షెడ్‌లో ఫార్మలిన్ కొడితే రోగం చావదు, మన కళ్ళు మండుతాయి, అంతే. అట్లాంటి షెడ్లకు బ్లీచింగ్ పౌడరు సున్నపు నీళ్ళు గాని, క్లోరిన్ డయాక్సైడ్ మందు గాని మేలు. డిపార్ట్‌మెంటు వాళ్ళను అడిగి మీ షెడ్‌కు ఏది సరిపోతుందో తెలుసుకోండి.

ఫార్మలిన్‌లో ఉండేది ఫార్మాల్డిహైడ్. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వరసలో చేర్చింది. ముక్కు వెనక, గొంతు పైభాగంలో వచ్చే క్యాన్సర్‌ను చూసి అట్లా చేర్చారు. ఒకసారి కొడితే వచ్చేస్తుందని కాదు. ఏటా ఐదారు పంటలు, పంటపంటకూ కొట్టుకుంటూ ఇరవై ఏళ్ళు పోతే ఎంత పీల్చినట్టు? ముక్కు కూడా మోసం చేస్తుంది, పది నిమిషాలకు అలవాటు పడిపోయి వాసన తగ్గింది అనిపిస్తుంది. గాలిలో మాత్రం తగ్గదు.

కరోనా మాస్కు, తడిగుడ్డ, తువ్వాలు ఇవేవీ ఈ గ్యాస్‌ను ఆపవు. పొడిని ఆపుతాయి, అంతే. ఫార్మాల్డిహైడ్‌కు తగిన క్యాట్రిడ్జి ఉండే రబ్బరు మాస్కు కావాలి. ఒక్కరు కొనలేకపోతే నలుగురు కలిసి ఒకటి కొనండి. మా గుంపులో అట్లే చేశాం, క్యాట్రిడ్జిలు ఎవరివి వాళ్ళవి. కళ్ళకు పక్కలు మూసిన గాగుల్స్, చేతులకు రబ్బరు గ్లోవ్స్, నిండు చేతుల చొక్కా వేసుకోండి. లోపలి మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ తలుపు దగ్గరికి వచ్చేటట్లు కొట్టండి, కొట్టిన మంచులోకి మళ్ళీ నడవకూడదు. ఒక రోజు మూసి పెట్టి, తర్వాత ఒక రోజు పూర్తిగా తెరిచి పెట్టినాకనే ఇంటివాళ్ళను లోపలికి పోనివ్వండి. ఇల్లు, షెడ్ ఒకే గోడతో ఉన్నవాళ్ళు ఆ రాత్రి పిల్లల్ని పక్కింట్లోనో బంధువుల ఇంట్లోనో పడుకోబెట్టండి. ఆస్తమా ఉన్న వాళ్ళ చేత ఈ పని చేయించకండి.

బ్లీచింగ్ పౌడరు వాడేవాళ్ళకు ఒకే హెచ్చరిక. దాన్ని వేరే మందుతో కలపకండి, ముఖ్యంగా బాత్‌రూము కడిగే యాసిడ్‌తో. నేల మీద సున్నపు మరకలు పోలేదని, బ్లీచింగ్ తడి ఆరకముందే యాసిడ్ పోసినవాళ్ళు మాకు తెలుసు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. గొంతు పట్టేస్తుంది, దగ్గు ఆగదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరేదాకా పోవచ్చు. ఇది షెడ్‌లోనే కాదు, ఇంట్లో ఆడవాళ్ళు స్నానాల గది కడిగేటప్పుడు కూడా జరుగుతుంది.

సున్నం మనకు చిన్నవిషయం అయిపోయింది. జ్వరం రోజుల్లో బెడ్ మీద చేత్తోనే చల్లేస్తాం. కంట్లో పడితే మాత్రం అది చిన్నవిషయం కాదు, చూపు పోతుంది. నలపకూడదు. చుట్టూ అంటిన పొడిని ఆరిన గుడ్డతో దులిపి, రెప్పలు విడదీసి పట్టుకుని, ధారగా నీళ్ళు పోస్తూ అరగంట కడగాలి. తర్వాత నేరుగా ఆసుపత్రికి. చనుబాలు, ఆముదం వేయడం మన పల్లెల్లో ఇంకా ఉంది. అవ్వలతో పోట్లాడైనా ఆపండి. ఫార్మలిన్ చుక్క కంట్లో పడినా ముందు చేయాల్సింది నీళ్ళతో కడగడమే.

ఫార్మలిన్ చూడడానికి అచ్చం నీళ్ళే. దాన్ని నీళ్ళ బాటిల్లోకో, ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలోకో పోసి పక్కింటివాళ్ళకు అప్పు ఇచ్చే అలవాటు మానాలి. పిల్లలు పొరపాటున తాగితే ఉప్పునీళ్ళు పోసి కక్కించకండి, లోపలికి పోయేటప్పుడు కాల్చింది పైకి వచ్చేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. క్యాను చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. మందుల అరమర తెరిచినప్పుడే ఇంకొకటి చూడండి. పిండినల్లికి, ఆకుచుట్టు పురుగుకు ముందు కొట్టే డైక్లోర్వాస్ పాత సీసాలు ఉన్నాయేమో. డి.డి.వి.పి, నువాన్ అని కొన్నాం గదా, అదే. దాన్ని 2020 డిసెంబరు 31తో మన దేశంలో నిషేధించారు. అయినా సగం సీసాలు అటకల మీద ఉన్నాయి, మాకు తెలుసు. చెరువులో, బావి పక్కన పారబోయకండి. ఎట్లా వదిలించుకోవాలో వ్యవసాయ ఆఫీసులో అడగండి, అంతవరకూ తాళం వేసి పెట్టండి.

చివరగా మన జిల్లా మాట ఒకటి. ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలు ఇచ్చే 'మక్కలై తేడి మరుత్తువం' పథకం 2021 ఆగస్టు 5న మొదలయింది మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. ఆ అమ్మాయిలు మన వీధికి వచ్చినప్పుడు బీపీ చూపించుకుని పంపేస్తాం. మనం పట్టుపురుగులు పెంచుతామనీ, మందు కొట్టినాక ఎన్ని రోజులు దగ్గు ఉంటుందో, షెడ్‌లోకి పోతే తుమ్ములు, ఆయాసం వస్తాయో లేదో చెప్పం. వాళ్ళు అడగరు, మనం చెప్పం. ఈసారి వచ్చినప్పుడు చెప్పండి. ఆ ఆయాసానికి కారణం మందా, దుమ్మా, పురుగుల బెడ్డా అనేది డాక్టరు పరీక్ష చేసి తేల్చాల్సిన సంగతి. పట్టు పనిలో ఉన్నవాళ్ళకు పురుగు వల్ల, చిలక పొడి వల్ల ఆస్తమా రావడం ప్రపంచంలో ఎక్కడ పట్టు ఉంటే అక్కడ డాక్టర్లకు తెలిసినదే.

మా రెండు కుంపట్లలో ఒకటి ఇప్పుడు పెరట్లో జామచెట్టు కింద ఉంది, అవ్వ దాని మీద నీళ్ళు కాచుకుంటుంది. రెండోదాన్ని పాత ఇనుముకు వేసేశాం. వచ్చే సోమవారం చాకీ సెంటరు నుంచి 100 గుడ్ల పురుగులు వస్తున్నాయి, ఈ సాయంత్రం వెంటిలేటర్లకు కట్టిన గోనెపట్టాలు విప్పాలి. మీ షెడ్‌లో రాత్రి వేడికి ఏం చేస్తున్నారో గుంపులో వాయిస్ మెసేజి పెట్టండి, మంచి ఉపాయం ఉంటే వచ్చే వారం ఊజీ ఈగ పాఠంతో పాటు దాన్నీ వేస్తాం.